ప్లగ్ వైర్లు వరసలోనే ఉన్నాయి, మరి మిస్సింగ్ ఎందుకు?

విజయనగరం, శ్రీకాకుళం వైపు లారీ షెడ్లలో ప్లగ్ వైరు (పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్‌కు కరెంటు తీసుకెళ్లే వైరు) మాట వినిపించడం బాగా తగ్గిపోయింది. లారీలన్నీ డీజిల్ అయ్యాక దాంతో పనేముంది? సాలూరు లాంటి లారీల ఊళ్లో పని నేర్చుకున్న మేస్త్రి పంపు రోగమో నాజిల్ రోగమో చప్పుడు విని చెప్పేస్తాడు. అదే మేస్త్రి ముందు పాత పెట్రోల్ బండి పెట్టి బానెట్ ఎత్తితే కాస్త ఆలోచనలో పడతాడు. అలాంటి బండ్లు తక్కువే గానీ ఉన్నాయి. డీజిల్ ఇంజిన్ ఎక్కించకుండా మిగిలిపోయిన మహీంద్రా పెట్రోల్ జీపులు, మిలటరీ వేలంలో కొన్న నిస్సాన్ ఆరు సిలిండర్ల జోంగా జీపులు, అదే ఇంజిన్‌తో జబల్‌పూర్ ఫ్యాక్టరీలో తయారైన వన్ టన్ ట్రక్కులు.

వీటి యజమానులు చెప్పే ఫిర్యాదు ఒకటుంది. కొత్త ప్లగ్ వైర్లు వేయించారు. సెల్ఫ్ కొట్టగానే బండి స్టార్ట్ అవుతోంది, ఐడిలింగ్ నిలకడగా ఉంది, ఊళ్లో తిరిగినంతసేపూ ఏ గొడవా లేదు. లోడు వేసుకుని ఎస్‌.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టేసరికి మిస్సింగ్ మొదలవుతుంది, అంటే సిలిండర్లు మధ్యమధ్యలో పేలకుండా తప్పిపోతాయి. ఒక్కోసారి కార్బురేటర్‌లో ఠప్పుమంటుంది, ఒక్కోసారి ఇంజిన్ లోపల సుత్తితో కొట్టినట్టు నాక్ కొడుతుంది. మేస్త్రి బానెట్ ఎత్తి ఒక్కో వైరూ పట్టుకుని లెక్కపెడతాడు. "వైర్లన్నీ వరసలోనే ఉన్నాయి బావూ, కార్బురేటరే చూడాలి" అంటాడు. కార్బురేటర్ విప్పుతారు, జెట్లు కడుగుతారు, ఫ్లోట్ సరిచేస్తారు. మళ్లీ ఘాట్ ఎక్కితే మళ్లీ అదే కథ.

మేస్త్రి అబద్ధం చెప్పలేదు. వైర్లు వరసలోనే ఉన్నాయి. కానీ వరస ఒక ప్రశ్న, దారి ఇంకో ప్రశ్న. సిలిండర్లకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలో, అంటే క్యాప్‌లో, ఏ రంధ్రం నుంచి ఏ సిలిండర్‌కు వైరు వెళ్లాలి అన్నది వరస. ఆ వైరు దేని పక్క నుంచి, ఎంత దూరంగా, దేన్ని తాకకుండా వెళ్లాలి అన్నది దారి. మొదటిది తప్పితే బండి వెంటనే చెప్పేస్తుంది. రెండోది తప్పితే చల్లటి పూట, ఖాళీ రోడ్డు మీద ఏమీ చెప్పదు. అందుకే చాలామంది రెండో ప్రశ్న అడగనే అడగరు.

ముందుగా వరస

నాలుగు సిలిండర్ల పాత జీపు హరికేన్ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-3-4-2. జోంగా, వన్ టన్ ట్రక్కుల్లోని నిస్సాన్ ఆరు సిలిండర్ల ఇంజిన్‌ది 1-5-3-6-2-4. టాటా 697 డీజిల్ ఇంజిన్‌కు ట్యాపెట్లు సెట్ చేసిన చెయ్యికి ఈ రెండో అంకెల వరస కొత్తేమీ కాదు, అక్కడా ఇదే. వరసగా నిలబెట్టిన ఈ ఇంజిన్లలో ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపు ఉంటుంది. ఇంతవరకు తేలికే.

పొరపాటు జరిగేది రోటర్ తిరిగే దిక్కు దగ్గర. క్యాప్ లోపల తిరుగుతూ ఒక్కో వైరుకూ కరెంటు అందించే డిస్ట్రిబ్యూటర్ రోటర్ కొన్ని ఇంజిన్లలో గడియారం ముల్లు దిశలో, కొన్నింటిలో దానికి ఎదురుగా తిరుగుతుంది. పాత విల్లీస్ జీపుది ఎదురు దిశ. ఎవరి మాటా నమ్మనక్కర్లేదు. క్యాప్ తీసి, ఇంకొకరిని హ్యాండిల్‌తో ఇంజిన్ తిప్పమని, రోటర్ ఎటు తిరుగుతోందో కళ్లతో చూస్తే సరిపోతుంది. దిక్కు తప్పుగా అనుకుని వైర్లు పెడితే నాలుగు సిలిండర్ల బండిలో ఒక తమాషా జరుగుతుంది. 1, 4 సరైన చోటే పడతాయి, 2, 3 మాత్రం తారుమారవుతాయి. రెండు సిలిండర్ల మీద ఇంజిన్ ఎలాగో వణుకుతూ తిరుగుతుంది. సగం పనిచేస్తోంది కాబట్టి వైర్లు బాగానే ఉన్నాయనుకుని మనిషి ప్లగ్గుల వెంట పడతాడు. ఆరు సిలిండర్లలో అయితే 1, 6 తప్ప మిగతా నాలుగూ తప్పిపోతాయి, అసలు స్టార్టే కాకపోవచ్చు.

ఇంకో పొరపాటు ఒకటో నంబరు ఎక్కడ మొదలవుతుందన్నది. ఒకటో పిస్టన్ ఒక చక్రంలో రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి మిశ్రమాన్ని కంప్రెస్ చేస్తూ, ఇంకోసారి పొగను బయటికి తోస్తూ. ఫ్లైవీల్ మీదో పుల్లీ మీదో ఉన్న గుర్తు రెండింటికీ ఒకటే. కంప్రెషన్ అనుకుని ఎగ్జాస్ట్ దగ్గర సెట్ చేస్తే అన్ని వైర్లూ సగం చుట్టు తప్పుతాయి. కంప్రెస్ అయినప్పుడు అంటుకోని మిశ్రమం సిలిండర్‌లోనే ఉండిపోయి, ఇన్‌లెట్ వాల్వు తెరుచుకునే వేళ స్పార్క్ పడి కార్బురేటర్‌లోకి ఎగదన్నుతుంది. ఆ ఠప్పుమనే చప్పుడు, మంట, ఎయిర్ క్లీనర్ తీసి లోపలికి తొంగిచూసే మనిషికి మంచిది కాదు. దీన్ని తప్పించడానికి పాత పద్ధతే మేలు. ఒకటో ప్లగ్ విప్పి, రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టి, ఇంజిన్ మెల్లగా తిప్పిస్తారు. గాలి వేలిని బయటికి నెడుతూ ఉంటే అది కంప్రెషన్. అలా గుర్తు దగ్గరికి వచ్చి ఆగినప్పుడు రోటర్ చూపించే రంధ్రమే ఒకటోది. ఆ సమయంలో ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండాలి, బండి న్యూట్రల్‌లో ఉండాలి. చెప్పనక్కర్లేదనుకుంటాం గానీ వేలు ఒక్కటే.

వైర్లు మార్చేటప్పుడు పాతవన్నీ ఒకేసారి పీకెయ్యకుండా ఒకటి తీసి ఒకటి వేస్తే ఈ లెక్కలేవీ అవసరం రావు. ఇంతకు ముందు ఎవరో తప్పుగా పెట్టిన బండి చేతికొస్తేనే ఇదంతా.

పక్క వైరుకు కరెంటు ఎలా పాకుతుంది

అసలు చిక్కు ఇక్కడుంది, కాస్త నెమ్మదిగా చూద్దాం.

బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు. డిస్ట్రిబ్యూటర్‌లో స్విచ్‌లా పనిచేసే కాంటాక్ట్ పాయింట్లు తెరుచుకున్న క్షణంలో ఇగ్నిషన్ కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది, అవసరమైతే 20,000 దాకా. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 స్పార్క్‌లు కావాలి, ఒక్కో ప్లగ్ వైరులో 25. ప్రతిసారీ ఆ వైరులో వోల్టేజ్ సున్నా నుంచి వేలల్లోకి, కంటిరెప్ప వేసేలోపు కూడా కాదు, సెకనులో లక్షలో కొన్ని వంతుల్లో ఎగబాకుతుంది.

రెండు వైర్లు ఆనుకుని, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా చాలా దూరం వెళ్తే అవి తమకు తామే ఒక కండెన్సర్‌లా (కరెంటును కాసేపు నిలవ చేసే పరికరంలా) తయారవుతాయి. ఒకదానిలో వోల్టేజ్ హఠాత్తుగా ఎగసినప్పుడు దాని విద్యుత్ క్షేత్రం రెండోదానిలోనూ కొంత వోల్టేజ్ పుట్టిస్తుంది. రెండో వైరు ఆ క్షణంలో ఎటూ కలిసి లేదు. ఒక చివర రోటర్‌కు దూరంగా ఉంది, ఇంకో చివర ప్లగ్ గ్యాప్ ఉంది. వచ్చిన వోల్టేజ్ పోవడానికి దారి లేక నిలుస్తుంది. పక్కింట్లో గట్టిగా పెట్టిన రేడియో మన గదిలో వినిపించినట్టే, గోడ బీటలు వారనవసరం లేదు. చాలామందికి తెలియని సంగతి ఇదే. వైరు తొడుగు చిల్లుపడితేనే కరెంటు పక్కదానికి దూకుతుందనుకుంటారు. కొత్త వైరైనా, 7 మిల్లీమీటర్ల బదులు 8 మిల్లీమీటర్ల లావు వైరైనా, తొడుగు ఆపేది లీకేజీని మాత్రమే. క్షేత్రాన్ని తగ్గించేది దూరం.

అయితే పక్క వైరులో పుట్టేది చిన్న వోల్టేజే కదా, దాంతో ఏమవుతుంది? మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు దాటడానికి స్పార్క్‌కు సుమారు 3,000 వోల్టులు చాలు. పాత జీపు ప్లగ్ గ్యాప్ 0.75 మిల్లీమీటర్లు. సిలిండర్‌లో పీడనం పెరిగేకొద్దీ ఆ గ్యాప్ దాటడానికి కావలసిన వోల్టేజ్ పెరుగుతుంది. పూర్తిగా కంప్రెస్ అయిన సిలిండర్‌లో ఈ పాకిన వోల్టేజ్ ఏమీ చెయ్యలేదు. కంప్రెషన్ ఇంకా మొదట్లో ఉన్న సిలిండర్‌లో మాత్రం, అక్కడ పీడనం తక్కువ కాబట్టి, దూకగలదు. అక్కడున్నది తాజా పెట్రోల్ మిశ్రమం. అంటుకుంటుంది.

ఆ సమయంలో కంప్రెషన్ మొదట్లో ఉన్న సిలిండర్ ఏది? ఫైరింగ్ ఆర్డర్‌లో తర్వాత వచ్చేది. ముందు పేలిన సిలిండర్‌లో కాలిన వాయువే ఉంది, అక్కడ దొంగ స్పార్క్ పడినా నష్టం లేదు. ఎగ్జాస్ట్‌లో ఉన్నదానిలోనూ అంతే. కాబట్టి భయపడాల్సింది ఏ రెండు వైర్ల గురించి పడితే వాటి గురించి కాదు. ఒకదాని వెంట ఒకటి పేలే సిలిండర్ల వైర్లు పక్కపక్కన పడుకోకూడదు. మొత్తం విషయం ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది.

ఏ ఇంజిన్‌కు ఎంత ప్రమాదం

నాలుగేసి సిలిండర్ల రెండు వరసలు V ఆకారంలో ఉండే వీ8 ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ తిరిగే ప్రతి 90 డిగ్రీలకు ఒక సిలిండర్ పేలుతుంది. అంటే ఒకటి పేలే వేళకు తర్వాతిది కంప్రెషన్‌లో సగం దారికి వచ్చేసి ఉంటుంది, వాల్వులన్నీ మూసుకుని. అక్కడ దొంగ స్పార్క్ పడితే పైకి వస్తున్న పిస్టన్‌కు ఎదురుగా మంట లేస్తుంది. నాక్, తర్వాత పిస్టన్ పగలడం. అందుకే ఈ సమస్య మీద ఎక్కువ చర్చ అమెరికా పికప్ ట్రక్కుల లోకంలోనే జరిగింది. షెవర్లే 1955లో తెచ్చిన స్మాల్ బ్లాక్ వీ8 ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. సీట్లో కూర్చుని చూస్తే ఎడమ వరసలో 1, 3, 5, 7 ఉంటాయి. 5 తర్వాత 7 పేలుతుంది, రెండూ ఒకే వరసలో ఇరుగుపొరుగు. ఫోర్డ్ 302 ఇంజిన్‌లో 1-5-4-2-6-3-7-8, అక్కడ 7, 8 అలాగే పక్కపక్కనే వెనక మూల. ఈ జంటల వైర్లను విడదీసి పెట్టడం ఆ ఇంజిన్ల మీద పనిచేసేవాళ్లకు మొదటి పాఠం.

మనకు అలాంటి ఇంజిన్లు అసలు తగలలేదని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలో తయారై ఇక్కడి సైన్యానికి వచ్చిన మిలటరీ ట్రక్కుల్లో షెవర్లే వాటికి ఆరు సిలిండర్లు, ఫోర్డ్ వాటికి వీ8. యుద్ధం ముగిశాక అలాంటివి సర్‌ప్లస్ కింద అమ్ముడై లారీలూ బస్సులూ అయ్యాయి. ఆ ఫోర్డ్ వీ8లో ప్లగ్ వైర్లన్నిటినీ కలిపి లోహపు గొట్టాల్లో పంపేవారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లోపల వైరు తొడుగు ముసలిదైతే మాత్రం ఆ గొట్టమే రోగాల పుట్ట.

ఆరు సిలిండర్ల వరస ఇంజిన్‌లో రెండు పేలుళ్ల మధ్య ఎడం 120 డిగ్రీలు. తర్వాతి సిలిండర్‌లో ఇన్‌లెట్ వాల్వు అప్పుడే మూసుకునే దశలో ఉంటుంది. ప్రమాదం ఉంది గానీ వీ8 అంత కాదు. ఇంకో అదృష్టం కూడా ఉంది. 1-5-3-6-2-4 వరసను ఒకసారి మెల్లగా చదవండి. 1 తర్వాత 5, 5 తర్వాత 3, 3 తర్వాత 6, 6 తర్వాత 2, 2 తర్వాత 4, 4 తర్వాత మళ్లీ 1. ఎక్కడా రెండు ఇరుగుపొరుగు సిలిండర్లు వెంటవెంట పేలవు. అందుకే ఆరు వైర్లనూ సిలిండర్ నంబర్ల ప్రకారం 1, 2, 3, 4, 5, 6 అని పక్కపక్కన పరిస్తే చాలు, చిక్కు జంట ఒక్కటీ ఆనుకోదు.

నాలుగు సిలిండర్ల జీపులో ఎడం 180 డిగ్రీలు. ఒకటి పేలేసరికి తర్వాతిది ఇంకా అడుగునే ఉంటుంది, ఇన్‌లెట్ వాల్వు తెరిచే ఉంటుంది. దొంగ స్పార్క్ పడితే పిస్టన్ పగిలే ప్రమాదం కన్నా కార్బురేటర్‌లో ఠప్పుమనే అవకాశం ఎక్కువ. కానీ ఇక్కడ వైర్ల అమరికలో ఒక తిరకాసు ఉంది. 1-3-4-2లో వెంటవెంట పేలని జంటలు రెండే, 1-4, 2-3. నాలుగు వైర్లను ఏ వరసలో పక్కపక్కన పరిచినా ఎక్కడో ఒకచోట చిక్కు జంట ఆనుకోక తప్పదు. వరస మార్చి తప్పించుకోలేం కాబట్టి వైర్ల మధ్య ఖాళీ వదలడమే మార్గం.

నన్నడిగితే జీపు మిస్సింగ్ అనగానే ఈ పాకే కరెంటు మీదే నేరం మోపడం కూడా సరికాదు. నాలుగు సిలిండర్లలో దారి తప్పిన వైరు ఎక్కువగా చేసే హాని మామూలుది. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (పొగ బయటికి పోయే వేడి గొట్టం) మీద కాలుతుంది, లేదా ఇంజిన్ బాడీకి రాసుకుని తొడుగు చిట్లి అక్కడే ఎర్త్ అవుతుంది. ఆరు సిలిండర్ల జోంగాలోనూ వీ8లోనూ అయితే అనుమానం మొదట పాకే కరెంటు మీదికే వెళ్లాలి.

అందంగా కట్టడమే అసలు తప్పు

ఇప్పుడు క్యాప్ దగ్గరికి వద్దాం. క్యాప్ మీద రంధ్రాలు ఫైరింగ్ ఆర్డర్ ప్రకారమే గుండ్రంగా ఉంటాయి. అంటే క్యాప్ మీద ఏ రెండు పక్కపక్క వైర్లను తీసుకున్నా అవి వెంటవెంట పేలే జంటే. మనం చూస్తున్న జీపు, జోంగా ఇంజిన్లలో ఇంతే. కాబట్టి వైర్లు క్యాప్‌లోంచి బయటికి రాగానే ఎవరి దారిన వాళ్లు విడిపోవాలి.

షెడ్లలో జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. కొత్త వైర్లు వేశాక క్యాప్ దగ్గర అన్నిటినీ కలిపి పట్టుకుని, ఇన్సులేషన్ టేపు చుట్టి లేదా కేబుల్ టై బిగించి, జడలా అల్లినట్టు ఒక కట్టగా ప్లగ్గుల దాకా తీసుకెళ్తారు. బానెట్ ఎత్తితే శుభ్రంగా కనిపిస్తుంది, యజమాని సంతోషిస్తాడు, డబ్బులిస్తాడు. పాతకాలపు మేస్త్రి వదులుగా, అడ్డదిడ్డంగా వదిలేసిన వైర్లతో నడిచిన బండి, ఈ అందమైన కట్టతో ఘాట్ ఎక్కలేకపోతుంది. విద్యుత్ పరికరాల వైరింగ్‌లో కట్టలు కట్టడం మంచి పద్ధతే. లైట్లకూ హారన్‌కూ వెళ్లే 12 వోల్టుల వైర్లను కలిపి కట్టాలి కూడా. 20,000 వోల్టుల వైర్ల మీద ఆ అలవాటు చూపించకూడదు.

ఘాట్ మీదే ఎందుకు బయటపడుతుంది? థ్రాటిల్ నిండా తెరిచినప్పుడు సిలిండర్‌లోకి గాలి, పెట్రోల్ ఎక్కువ వెళ్తాయి, కంప్రెషన్ పీడనం పెరుగుతుంది. ప్లగ్ దగ్గర స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, కాయిల్ అంతా ఇస్తుంది, వైరులో వోల్టేజ్ ఎక్కువైతే పక్క వైరులో పాకేదీ ఎక్కువవుతుంది. తొడుగులో చిన్న చిట్లు ఉన్నా కరెంటు ప్లగ్‌కు బదులు అటే వెళ్తుంది, అది తేలిక దారి. ఐడిలింగ్‌లో ఈ ఒత్తిడేమీ లేదు. కాబట్టి షెడ్డులో నిలబెట్టి చేసే పరీక్షలన్నీ పాసై, సాలూరు దాటి సుంకి ఘాట్ మీద ఫెయిలవుతుంది.

మన తీరంలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. కళింగపట్నం, బారువ, భీమిలి లాంటి చోట్ల ఉప్పుగాలికి వైర్ల మీద, క్యాప్ మీద పల్చటి పొర పేరుకుంటుంది. రాత్రి మంచుకో వానకో తడిస్తే ఆ ఉప్పు పొర కరెంటుకు దారిచ్చేస్తుంది. ఉద్దానం వైపు వానాకాలం ఉదయాల్లో పాత పెట్రోల్ బండి స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పొడిగుడ్డతో క్యాప్, వైర్లు తుడిస్తే చాలు, ఎండలో అరగంట ఉంచినా చాలు. ప్లగ్ టోపీ లోపల సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తే తడి లోపలికి వెళ్లదు.

వైరును ఎలా తీసుకెళ్లాలి

ముందు పొడవు. పాత వైరు తీసి కొత్తదాని పక్కన పెట్టి చూడాలి. దూరపు సిలిండర్‌కు పొడుగు వైరు, దగ్గర దానికి పొట్టిది. ఇంకేదో బండి సెట్టు తెచ్చి వేస్తే ఒక వైరు లాగి బిగించినట్టుంటుంది, ఇంకోటి చేతికందేంత మిగులుతుంది. మిగిలినదాన్ని చుట్టగా చుట్టి పక్కన దోపడం మన వాళ్ల అలవాటు. ఆ చుట్ట పక్క వైరును ఎక్కువ దూరం ఆనుకునేలా చేస్తుంది. లాగి బిగించిన వైరూ మంచిది కాదు. ఇంజిన్ వణుకుతూ ఉంటుంది, దానికి తగ్గ వదులు ఉండాలి.

తర్వాత వేడి. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కు రెండంగుళాలైనా ఎడం ఉండాలి. సిలికాన్ తొడుగు మామూలు రబ్బరు కన్నా వేడికి చాలా మేలు గానీ మేనిఫోల్డ్‌ను తాకితే అదీ కాలుతుంది. ఫ్యాన్ బెల్టు, యాక్సిలరేటర్ రాడ్డు, బానెట్ అంచు, ఇవన్నీ బండి నిలిచి ఉన్నప్పుడు దూరంగానే కనిపిస్తాయి. ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు టార్చిలైటుతో చూస్తే నిజం తెలుస్తుంది.

వైర్లను విడివిడిగా పట్టుకునే ప్లాస్టిక్ సెపరేటర్లు దొరుకుతాయి. దొరక్కపోతే బేకలైట్ ముక్కకు రంధ్రాలు చేసుకున్నా, పాత రబ్బరు హోస్ ముక్కలు కోసి మధ్యలో దూర్చినా పని జరుగుతుంది. రేకు క్లిప్పు మాత్రం వద్దు, తొడుగును కోస్తుంది. కోశాక తానే ఎర్త్ అవుతుంది. ఎక్కడైనా రెండు వైర్లు ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా, క్రాస్ గుర్తులా దాటించాలి. అలా దాటినచోట ఆనుకునే భాగం అతి తక్కువ. ఒకే దిక్కున పడుకోబెడితేనే ఇబ్బంది. షెవర్లే వీ8 ఉన్నవాళ్లు ఆ ఎడమ వరసలో 5, 7 మధ్యన 1 గానీ 3 గానీ ఉండేలా పరచాలి.

కాయిల్ నుంచి క్యాప్ మధ్యకు వచ్చే వైరును అందరూ మర్చిపోతారు. ప్లగ్ వైర్లలో ఒక్కోదానికి ఒక్కో వంతు పని, దీనికి మొత్తం పని. ప్రతి స్పార్కూ దీని గుండానే వెళ్తుంది. దీన్ని ప్లగ్ వైర్లతో కలిపి కట్టకూడదు, పాయింట్లకు వెళ్లే సన్న వైరుతో కూడా కట్టకూడదు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకున్న బండ్లలో ఇది ఇంకా ముఖ్యం, ఆ మాడ్యూల్‌కు వెళ్లే సిగ్నల్ వైరు దగ్గర నుంచి ఇది వెళ్తే లేనిపోని స్పార్కులు పుడతాయి.

వైరు రకం గురించి రెండు మాటలు. పాత జీపులకు రాగి తీగ వైరు వచ్చేది. దానికి రెసిస్టెన్స్ దాదాపు లేదు, రేడియోలో గరగర మాత్రం ఎక్కువ. తర్వాత వచ్చిన కార్బన్ కోర్ వైరు ఆ గరగరను అణిచేస్తుంది, మీటరుకు సుమారు 10 నుంచి 20 వేల ఓమ్‌ల రెసిస్టెన్స్ చూపిస్తుంది. ఓమ్ మీటర్ పెట్టి చూస్తే రెసిస్టెన్స్ అంతకు మించి ఎక్కడికో పోతే లోపల కోర్ తెగినట్టే. కార్బన్ కోర్ తెగడానికి పెద్ద కారణం మన చేతులే. ప్లగ్ నుంచి తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగుతారు. టోపీ పట్టుకుని కొంచెం తిప్పి లాగాలి. కొన్ని పాత క్యాపుల్లో వైరును పక్క నుంచి దూర్చి మొనదేలిన స్క్రూతో బిగిస్తారు. అలాంటి చోట రాగి తీగ వైరు వాడటమే నమ్మకం.

తేల్చుకోవడం ఎలా

చీకటి పడ్డాక, గాలి తగిలే ఆరుబయట, పెట్రోల్ లీకేజీ ఎక్కడా లేదని చూసుకుని ఇంజిన్ ఐడిల్‌లో ఉంచండి. వైర్ల మీద స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్లు చల్లండి, తడిసి కారేంత వద్దు. తొడుగు చిట్లిన చోట నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి. కొన్నిసార్లు చిటపట కూడా వినిపిస్తుంది. నడుస్తున్న ఇంజిన్ వైర్లను చేత్తో ముట్టుకోకూడదు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పని దగ్గరికే రాకూడదు. షెడ్లలో ఒక్కో ప్లగ్ వైరూ పీకి ఏ సిలిండర్ పనిచెయ్యడం లేదో చూసే పద్ధతి ఉంది. పాయింట్ల బండికి ఒకటి రెండు క్షణాలు సరే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నదానికి అలా గాల్లో వదిలితే మాడ్యూల్ కాలిపోవచ్చు, పీకిన వైరును ఎర్త్ చేసి చూడాలి.

మెరుపులేవీ కనిపించకపోయినా వైర్లు నిర్దోషులని కాదు. ముందే చెప్పుకున్నట్టు పాకే కరెంటుకు చిల్లు అవసరం లేదు, అది చీకట్లో కనిపించదు కూడా. దానికి పరీక్ష ఒక్కటే. టేపులూ టైలూ కోసేసి, వైర్లను చేతులతో విడదీసి, క్యాప్ దగ్గర నుంచి ఎడం ఉండేలా వదులుగా వదిలేసి, అదే లోడుతో అదే ఎత్తు ఎక్కించాలి. పైసా ఖర్చు లేని ఈ పని కార్బురేటర్ విప్పడానికి ముందు చెయ్యాలి. మిస్సింగ్ పోయిందా, సెపరేటర్లు పెట్టి ఆ దారినే స్థిరం చేసుకోవాలి.

పోకపోతే క్యాప్ తీసి వెలుతురులో లోపలి వైపు చూడాలి. రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్ల గీత కనిపిస్తే అది కార్బన్ దారి. వైర్లను ఎంత బాగా పరిచినా క్యాప్ లోపలే కరెంటు పక్క సిలిండర్‌కు వెళ్లిపోతోంది. ఆ గీతను గీకి వాడుకోవడం ఒకటి రెండు వారాల ముచ్చటే, క్యాప్ మార్చాల్సిందే. క్యాప్ శుభ్రంగా ఉండి, రోటర్‌కు బీటలు లేక, పాయింట్లు మాత్రం నల్లగా కాలి గుంటలు పడి ఉంటే ఇక వైర్ల జోలికి వెళ్లనక్కర్లేదు, పాయింట్లకు కలిపి ఉండే కండెన్సర్ మార్చి చూడాలి.